పసుపు లేని చోటు

ఆ మధ్యాహ్నం మా పెరట్లో ఉన్నవి: ఎండిన పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము, దాన్ని తిప్పే మోటారు, కొమ్ములు ఎత్తిపోస్తున్న అమ్మ, నేను, మంచం మీద పరిచి ఎండబెట్టిన ఆరు తిప్పతీగల ముక్కలు.

తీగలు నేను కోసుకొచ్చినవే. మాక్లూర్ వైపు వేపచెట్ల మీంచి కొన్ని, ఆర్మూర్ గుట్టల్లో రాళ్ల సందుల్లోంచి కొన్ని. ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చూడటానికి అన్నీ ఒకటే. కానీ జన్యువుల్లో తేడా ఉంటుందని, బెర్బెరిన్ అనే పసుప్పచ్చటి చేదు పదార్థం ఒక్కో తీగలో ఒక్కో మోతాదులో ఉంటుందని నా అంచనా. తేడా కనబడకపోతే టాపిక్ మార్చాలని మా గైడు సారు ముందే చెప్పారు.

ల్యాబులో రసం తీసి, ప్లేటు మీద చుక్కలు పెట్టి, ద్రావకంలో నిలబెట్టి పైకి పాకనిచ్చి, అతినీలలోహిత దీపం కింద చూశాను. ఆరింటికీ పైనుంచి కిందిదాకా ఒకటే పసుప్పచ్చ చార. టాపిక్ పోయినట్టే అనుకున్నాను. సారు వంగి చూశారు. బెర్బెరిన్ ఇట్లా చార కట్టదే అన్నారు. మాది ఏ ఊరని అడిగారు. ఇంటింటా పసుపు ఆరబెట్టే ఊరని చెప్పగానే నవ్వడం మొదలుపెట్టారు. అది డ్రమ్ములోంచి లేచిన పసుపు పొడి.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"పసుపు తగలనిది గీ ఇంట్ల ఏమున్నదిరా? నీ జుట్టు సూస్కో."

మళ్లీ కోసుకొచ్చాను. ఎండబెట్టేది ఎక్కడ? మా డాబా మీద పసుపు, పక్కింటి డాబా మీద పసుపు. చివరికి పెర్కిట్‌లో మామ నడిపే సెల్‌ఫోన్ రిపేరు దుకాణం గుర్తొచ్చింది. ఫోన్లలో దుమ్ము పడుతుందని మామ పసుపు పనివాళ్లను గడప దాటనివ్వడు. తీగలను అద్దాల వెనక తాడుకు వేలాడదీశాడు. అవి ఏ కంపెనీ చార్జర్ వైర్లని ఒకాయన అడిగాడట.

"దవాయి వైర్లు. మా అల్లుని ఫోనుకే పనిజేస్తయి" అన్నాడట మామ.

చూద్దామని అమ్మ వస్తే గడప దగ్గరే ఆపాడు.

"కొంగు దులుపుకొని రా అక్కా."

"నీ పెండ్లికి నలుగు వెట్టిన కొంగురా ఇది" అని అమ్మ బయటే కూర్చుని చాయ్ తెప్పించుకుంది.

రెండో ప్లేటు మీద చార లేదు. బెర్బెరిన్ ఉండాల్సిన ఎత్తులోనే చుక్కలు. ఇదే టాపిక్ కొనసాగించు, ఇక డీఎన్‌ఏ తీద్దాం అన్నారు సారు. నేను ఇంకా ప్లేటు మీదే వంగి లెక్కపెడుతున్నాను.

ఆరు తీగలు. చుక్క గాఢంగా ఉన్నవి రెండు, పలుచగా ఉన్నవి మూడు, అసలు లేనిది ఒకటి.