కోచ్ మాటకి ఎదురుచెప్పిన శుక్రవారం

ఎనభైల మొదట్లో, అమెరికాలోని శాంటా క్లారాలో హైస్కూల్ చదివేటప్పుడు నేను అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌ని. బంతి ముందు నా చేతికే వస్తుంది. ఏ ఎత్తు వేయాలో మాత్రం మైదానం అంచు నుంచి కోచ్ చెప్పి పంపేవాడు. ఆ ఏడాది ఆయన నాకో కొత్త పని అప్పగించాడు. బంతి అందేలోపు అవతలివాళ్ళు ఎలా నిలబడ్డారో చూసుకోవాలి. కోచ్ ఎత్తు పారదనిపిస్తే నేనే మార్చెయ్యచ్చు. "బ్లూ" అని అరిస్తే చాలు, పరుగు మానేసి పక్కకి చిన్న పాస్ అని మావాళ్ళందరికీ తెలుస్తుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒకటి చెప్పాక నోరెత్తకపోవడమే మర్యాద. మొదటి మ్యాచ్‌లో అవతలివాళ్ళు మధ్యలో గోడలా కాచుకున్నారు. చూశాను. నోరు పెగల్లేదు. కోచ్ చెప్పినట్టే మధ్యలోంచి పరుగు పెట్టించాను, మావాడు అక్కడికక్కడే కూలబడ్డాడు. అలా మూడుసార్లు!

"నీకు కనిపించలేదా?" అన్నాడు కోచ్.

"కనిపించింది సర్. మీరు చెప్పారు కదా అని..."

ఆయన నన్ను వింతగా చూశాడు. వచ్చే శుక్రవారం కూడా ఇలాగే చూసి ఊరుకుంటే నా బదులు ఇంకొకడు ఆడతాడన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మా నాన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఈ ఆటంటే ఆయనకి గిట్టదు. అయినా సంగతంతా విని, పెరుగన్నం కలుపుకుంటూ అన్నారు: "ఆపరేషన్ మధ్యలో పేషెంట్ బీపీ డ్రాప్ అయిందనుకో. సర్జన్ నాకన్నా సీనియర్ కదా అని నోరు మూసుకు కూర్చుంటానట్రా? చూసినవాడే చెప్పాలి."

శుక్రవారం మ్యాచ్‌లో బంతి మా చేతిలోనే ఉండాలంటే ఇంకో మూడు గజాలు ముందుకెళ్ళాల్సొచ్చింది. కోచ్ మళ్ళీ మధ్యలోంచి పరుగే పంపాడు. మధ్యలో మళ్ళీ అదే గోడ.

"బ్లూ! బ్లూ!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాస్ అందింది, ఐదు గజాలొచ్చాయి. ఆ మ్యాచ్ ఓడిపోయాం లెండి. అయినా కోచ్ నా హెల్మెట్ మీద ఒక్కటిచ్చి, వచ్చే వారం కూడా నువ్వే అన్నాడు. ఎగిరి గంతేశాను.

కారులో ఇంటికి వస్తుంటే నాన్న, "రేపు అంకుల్ వాళ్ళింటికి వెళ్తున్నాం, తొమ్మిదింటికల్లా రెడీ అవు" అన్నారు.

"నేను రాను నాన్నా. రేపు ప్రాక్టీస్ ఉంది."

ఆయన మాటకి అడ్డు చెప్పడం అదే మొదటిసారి. అమ్మ కంగారుగా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఎన్నింటికి డ్రాప్ చేయాలి?" అన్నారు.