వెనక్కొచ్చిన గుప్పెడు

ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేను గాజువాక వెళ్ళే షేర్ ఆటోలో సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని ఉన్నాను. ఆదాయపు పన్ను రీఫండు మీ ఖాతాలో జమ అయింది అని ఉంది. నేను ముందు లింకు కోసం వెతికాను. రీఫండు వచ్చింది, ఇక్కడ నొక్కండి అని మోసగాళ్ళు పంపుతుంటారు కదా. మా వీధిలో అలా నొక్కి లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు. ఎంత వెతికినా లింకు కనిపించలేదు. పాపం, మోసగాడు లింకు పెట్టడం మర్చిపోయాడేమో అనుకున్నాను. ఆటో దిగి ఏటీఎంలో చూసుకుంటే డబ్బు నిజంగానే ఉంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నా మొహం చూసి నవ్వాడు. ఆయన నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచీ బావ అనే పిలుస్తాను.

"డబ్బులొత్తే సంతోసించాలి గానీ అలాగ గుడ్లప్పగించి సూత్తావేటే?"

"ఎందుకొచ్చినాయా అని ఆలోచిస్తన్నాను బావా."

"అదిగో, మొదలెట్టింది" అన్నాడు.

నాకున్న జబ్బుకి ఆయన పెట్టిన పేరు 'ఎందుకలాగ'. ఏ విషయమైనా సరే, ఎందుకలాగ అని అడగనిదే నాకు నిద్ర పట్టదు. నిజానికి రీఫండు ఎందుకొచ్చిందో నాకు బాగానే తెలుసు. హార్బరు దగ్గర ఒక చిన్న ఏజెన్సీ ఆఫీసులో పుష్కర కాలం పైగా పని చేశాను. ఓడల్లో వచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు తయారు చేయడం నా పని. నన్ను ఉద్యోగి అనకుండా కన్సల్టెంటు అనేవారు. మొదట్లో ఆ మాటకి మురిసిపోయాను. దానర్థం నెల నెలా పదో వంతు పన్ను కింద ముందే కోసేసి ఇస్తారని తర్వాత తెలిసింది. నా సంపాదన మొత్తం పన్ను కట్టాల్సినంత ఉండేది కాదు కాబట్టి, లెక్కలు పంపాక ఆ కోసిందంతా ఏటా వెనక్కి వచ్చేది. ఒక ఏడు నీళ్ళ మోటారుకి పోయింది, ఇంకో ఏడు బావ పంటికి పోయింది. ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో చూసిన గుర్తు కూడా లేదు.

ఈసారి అలా కాదు. దసరా వెళ్ళాక మా ఆఫీసుని వేరే ఊరి ఆఫీసులో కలిపేసి మమ్మల్ని ఇళ్ళకి పంపేశారు. మళ్ళీ వానలు వచ్చేశాయి, నాకు పని దొరకలేదు. బావది వెల్డింగు పని. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో రోజు కూలి. వానాకాలం షెడ్డు సగం రోజులు మూసే ఉంటుంది. జీతం ఎప్పుడూ పేర్లు పెట్టుకునే వచ్చేది: ఇది అద్దె, ఇది గ్యాసు, ఇది అత్త బీపీ మాత్రలు. ఈ డబ్బుకి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు. నా పేరు మీద ఉన్న డబ్బంటే ఇల్లంతా వెతికినా ఇదొక్కటే. దాన్ని ఏం చేయాలా అని నాకు చెప్పలేనంత కుతూహలంగా ఉంది.

ఇలాంటప్పుడు వేరేవాళ్ళు ఏం చేస్తారో కనుక్కుందామని, జాలరిపేట నుంచి ఆటోలో వచ్చి మా వీధిలో చేపలమ్మే ఆవిడని అడిగాను. ఉన్నట్టుండి డబ్బులొచ్చి పడితే ఏం చేస్తావమ్మా అని.

"ఏటి సేత్తాను తల్లీ? ఆ రోజుకి అమ్మడం మానేసి, మంచి సేప నానే ఒండుకుని తింతాను" అంది. తర్వాత తట్ట దించి నన్ను తేరిపార చూసింది. "ఏటి, నీకొచ్చినాయా? అలాగైతే ఈయాల కవళ్ళు కాదు, వంజరం తీసుకో."

ఆ రోజు కూడా చవకగా వచ్చే కవళ్ళే తీసుకున్నాను.

ఆవిడకి చెప్పలేదు గానీ, నా మనసులో ఒక కోరిక ఉంది. కస్టమ్స్ వాళ్ళు పెట్టే పరీక్ష ఒకటుంది. అది పాసై కార్డు తెచ్చుకున్నవాళ్ళే సరుకు కాగితాల మీద సంతకం పెట్టగలరు. ఇన్నేళ్ళూ కాగితం మొత్తం నేను తయారు చేసేదాన్ని, చివర సంతకం ఇంకెవరో గీకేవారు. ఆ గీతకి ఉన్న విలువ నా రోజంతటికీ ఎందుకు లేదా అని ఆశ్చర్యపోయేదాన్ని. కార్డుంటే ఏ ఆఫీసు మూసేసినా నా పని నాతోనే ఉంటుంది. ద్వారకా నగర్‌లో ఒక మేడ మీద ఈ పరీక్షకి కోచింగ్ ఇస్తారు. ఫీజూ, పుస్తకాలూ, రోజూ బస్సు ఛార్జీలూ కలిపితే సరిగ్గా ఈ రీఫండు మింగేస్తుంది. ఈ సోమవారం కాక పై సోమవారంలోగా ఫీజు కట్టాలి, మర్నాడే కొత్త బ్యాచ్ మొదలు. ఫీజు కట్టేస్తే వానలు తగ్గేదాకా ఇల్లు గడవదు. ఇంట్లో వాడితే కార్డు ఈ ఏటికి లేనట్టే, నా వయసుకి ఇంక ఎప్పటికీ లేనట్టేనేమో కూడా.

ఇదంతా ఇలా ఉండగా మా అత్తకి రీఫండు అంటే ఏమిటో వివరించాల్సి వచ్చింది. పదో వంతు కోసేవారు అనగానే ఆవిడకి కోపం వచ్చింది.

"పదో వంతు దేవుడిది కాదేటి? గవర్నమెంటు తీసుకోడమేటి?"

మాది చర్చికి వెళ్ళే కుటుంబం, సంపాదనలో పదో వంతు దేవుడికివ్వాలని అక్కడ చెబుతారు. మా చర్చిలో ఆడవాళ్ళకి పిడికెడు బియ్యం అనే అలవాటు ఉంది. పూట పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం తీసుకెళ్ళి చర్చిలో ఉన్న గోనె సంచిలో పోస్తారు. మా ఇంట్లో ఆ గుప్పెడు అత్తది. నా ఉద్యోగం పోయాక దాని మీద మా ఇద్దరికీ ఒకసారి గట్టిగానే మాటామాటా వచ్చింది. మనకే లేదు, కనీసం చిన్న గుప్పెడు వెయ్యి అత్తా అన్నాను.

"సెయ్యి ఎంతుంటే గుప్పెడు అంత. సెయ్యి సిన్నదెలాగ సేసుకుంతాను?" అని ఆవిడ ఎప్పటంత గుప్పెడే వేసింది.

అందుకే ఈసారి ఆ డబ్బానే చూపించాను. "అదీ ఇదీ ఒకటే అత్తా. వండక ముందే గుప్పెడు తీసేస్తారు. ఏడాది పోయాక చూసి, ఈ ఇంట్లో తిండికే సరిపోలేదని తెలిస్తే వెనక్కిచ్చేస్తారు."

అత్త ఆ డబ్బా మూత పెట్టేసింది. "ఇచ్చిన గుప్పెడు ఎనక్కి తీసుకున్నావా? సిగ్గు నేదూ?" అంది.

అందులో సిగ్గెందుకో నాకర్థం కాలేదు. నా కష్టార్జితం నాకొచ్చింది. పైగా, మీకు రావాల్సింది ఉంటే అడగండి అని అడిగించుకుని మరీ ఇస్తారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం చర్చి స్త్రీల సంఘం వాళ్ళు ముగ్గురు మా గుమ్మం ముందు ఆటో ఆపి దిగారు. డ్రైవరు చేత బియ్యం సంచి ఒకటి దింపించి లోపల పెట్టించారు. సంఘానికి పెద్దావిడ రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "వందనాలమ్మా. ఈ నెల పిడికెడు బియ్యం మీ ఇంటికని అనుకున్నాం" అంది.

నాకు చెవులు వేడెక్కాయి. "మాకేం ఇబ్బంది లేదండీ. నిజంగా అవసరమున్నవాళ్ళకి ఇవ్వండి" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ సంచి వైపు చూడలేదు.

"అవసరమని కాదమ్మా. ఒక్కో నెల ఒక్కో ఇంటికి ఎల్తాది."

"అంటే ఇంతకు ముందు ఎవరెవరికి ఇచ్చారు?" నా జబ్బు నన్ను అక్కడ కూడా వదల్లేదు.

"అది సెప్పకూడదు. రేపు మీ సంగతీ సెప్పం" అంది పెద్దావిడ. మంచినీళ్ళు తాగి వాళ్ళు వెళ్ళిపోయారు. అత్త మాత్రం వాళ్ళని ఆటో దాకా సాగనంపి, చేతులు పట్టుకుని, ఏ సంకోచమూ లేకుండా సంతోషంగా తిరిగొచ్చింది.

సంచి తలుపు వెనకే ఉండిపోయింది. నేను ఒళ్ళు తగలకుండా దాని పక్క నుంచి తిరిగేదాన్ని. ఆ బియ్యం ఉంటే, బావ కూలితో మిగతా ఖర్చు ఎలాగో నెట్టుకురావచ్చు. అంటే సంచి విప్పితే రీఫండు ద్వారకా నగర్ వెళ్తుంది, తిప్పి పంపితే కిరాణా కొట్టుకి వెళ్తుంది. ఇంత తేలిక లెక్క నా వల్ల కావడం లేదు.

"గవర్నమెంటు కాడ నేని సిగ్గు చర్చి కాడ ఎందుకే?" అన్నాడు బావ అన్నం తింటూ.

నాకూ అదే కావాలి. అత్తకి రీఫండు సిగ్గు, బియ్యం మామూలు. నాకు రీఫండు మామూలు, బియ్యం సిగ్గు. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళకి సిగ్గు ఇలా తలకిందులుగా ఎందుకుంది? రీఫండు ఇచ్చినవాడు నాకు ఎదురుపడడు. ఈ బియ్యం ఇచ్చినవాళ్ళంతా వచ్చే ఆదివారం నా ముందు వరసలో, వెనక వరసలో కూర్చుంటారు. నేను కొత్త చీర కడితే చూస్తారు. వంజరం కొంటే చూస్తారు. చూసి ఏమీ అనరు, అదే నాకు భయం. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రతిదానికీ ఎందుకని అడిగే నేను, మా ఇంటి నుంచి ఇన్నేళ్ళు వెళ్ళిన గుప్పెళ్ళు ఎవరి ఎసట్లో పడ్డాయని ఒక్కసారీ అడగలేదు. అప్పుడు ఆ ఇంటావిడ నా వెనక వరసలో కూర్చుని ఏమనుకునేదో!

శనివారం బావ పనికి వెళ్ళాక, అత్త పక్కింటికి వెళ్ళిన సమయం చూసి సంచి మూతి విప్పాను. వండడానికి కాదు, లోపల ఎలా ఉంటుందో చూద్దామని. చేటలో కాసిని పోసి కిటికీ దగ్గర కూర్చున్నాను. అలాంటి బియ్యం నేనెప్పుడూ చూడలేదు. సన్నబియ్యం, లావు రేషను బియ్యం, పచ్చగా ఉన్న ఉప్పుడు బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మధ్యలో రెండు పెసరబద్దలు. ఉప్పుడు బియ్యం ఫలానా వాళ్ళవి అయి ఉంటాయి, వాళ్ళింట్లో అదే తింటారు. ఈ ఖరీదైన సన్నబియ్యం కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళవి. ఈ నూకలు ఎవరివి? నూకలు తినే ఇంటి నుంచి కూడా గుప్పెడు వచ్చిందన్నమాట. నేను వంగి వంగి చూస్తూ, సిగ్గు సంగతే మర్చిపోయాను.

అప్పుడు వేలికి ఒక ఎండుమిరపకాయ తగిలింది. తొడిమ లేదు. పురుగు పట్టకుండా బియ్యం డబ్బాలో తొడిమ తీసిన ఎండుమిరపకాయ వేసేది మా అత్తే. తొడిమ ఉంటే బియ్యానికి చెడ్డ వాసనని ఆవిడ నమ్మకం, నేనెంత నవ్వినా మానదు. అది మా ఇంటి మిరపకాయ. చర్చికెళ్ళి, ఊరందరి బియ్యంతో కలిసి, ఆటో ఎక్కి మా ఇంటికే వచ్చింది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. చేట ఒళ్ళో పెట్టుకుని, ఉద్యోగం పోయిన రోజు కూడా ఏడవని ఏడుపు ఏడ్చాను. మా గింజలు ఏవో ఏరదామని చూశాను. మేము తినేదీ రేషను బియ్యమే, అందులో మాది ఏదో, పక్కవాళ్ళది ఏదో ఎంత చూసినా తేలలేదు. తేలకపోవడమే నాకు హాయిగా అనిపించింది.

సోమవారం బస్సెక్కి ద్వారకా నగర్ వెళ్ళాను. మెట్ల మీదంతా నా ఈడులో సగం కూడా లేని పిల్లలు. ఫీజు తీసుకునే అతను, "మీ అబ్బాయికా మేడమ్?" అన్నాడు. నాకే అన్నాను. ఫోనులో అంకెలు రెండుసార్లు సరిచూసుకుని నొక్కాను. రీఫండు వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి క్లాసు. పరీక్ష ఇంకా దూరం ఉంది, పాసవుతానో లేదో నాకు తెలియదు.

ఆ సాయంత్రం వంట నేను చేశాను. ఆ బియ్యం వండటం అంత తేలిక కాదు. రేషను బియ్యం మెత్తబడిపోయినా ఉప్పుడు బియ్యం పలుకుగానే ఉంటుంది. ముందు నానబెట్టు అని గుమ్మంలో కూర్చున్న అత్త చెప్పింది. సంచిలోంచి గిన్నెతో కొలిచాను. కడగబోతూ ఆగి, ఒక గుప్పెడు తీసి ఆవిడ డబ్బాలో వేశాను. మా పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ డబ్బాలో నేను బియ్యం వేయడం అదే మొదటిసారి.

అత్త చూసింది. "ఆళ్ళిచ్చిన బియ్యం మళ్ళీ ఆళ్ళకేనేటే?"

"ఈసారి ఎవరింటికి ఎల్తాదో మనకి తెలీదు కదత్తా" అన్నాను.

ఆవిడ లేచొచ్చి డబ్బాలోకి తొంగి చూసి, "అంతేనా నీ గుప్పెడు?" అంది.

"నా చెయ్యి అంతే అత్తా" అన్నాను, ఇంకో గుప్పెడు తీస్తూ.