గిటారుకు కొత్త తీగలు కట్టిన రోజు

మా అత్తగారు వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గాని పాడరు. ఫ్యాను గరగరమంటుంటే ఆ చప్పుడు చాటున నాట్ల పాటలు అందుకుంటారు. ఫ్యాను ఆపామా, గొంతూ ఆగిపోతుంది. ఊళ్లో మడిలో నిలబడి పదిమంది చేత వంత పాడించిన మనిషి, అమీర్‌పేట ఫ్లాటుకు వచ్చాక, "ఈడ గీ మోటు పాటలు ఎవరింటరు బిడ్డా" అని గప్‌చుప్ అయిపోయారు. నాకు ఒళ్లు మండేది. నాది కోస్తా, ఆ పాటల్లో సగం మాటలు నాకు తెలియవు. అయినా ఆ గొంతు వింటే చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది.

అందుకే వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పందిరి వేసినప్పుడు ఆవిణ్ని అడక్కుండానే పాటల కార్యక్రమానికి ఆవిడ పేరు ఇచ్చేశాను. అలిగారు. అలక తీరాక ఒక షరతు పెట్టారు.

"నీ గిటార్ నా పక్కనుండాలె. దాని చప్పుడు మస్తుగుండాలె. నా గొంతు దాని ఎనక దాసుకుంట."

అంటే నేను ఎగ్జాస్ట్ ఫ్యానునన్నమాట. సరేనన్నాను.

నాది నైలాన్ తీగల గిటారు, పంజాగుట్టలో ఒక మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నాను. కార్యక్రమం రోజు పొద్దున అత్తగారు దాని వంక అదోలా చూశారు.

"పండుగ పూట పాత తీగలేంది? మనకు కొత్త చీరలు, దానికి పాతయా?"

నాకూ సబబే అనిపించింది. వెళ్లి కొత్త సెట్టు తెచ్చాను. ఈలోగా మా ఆయన ఉత్సాహం పట్టలేక పాత తీగలన్నీ కత్తెరతో ముక్కలు చేసి పెట్టారు.

ఇనప తీగకు చివర పూస ఉంటుంది, దూర్చితే చాలు. నైలాన్ తీగకు ఆ భాగ్యం లేదు. గిటారు పొట్ట మీది బ్రిడ్జికి, అంటే తీగలు పట్టే చెక్కపట్టీకి, మనమే ముడి వేయాలి. మాస్టారు నేర్పిన పద్ధతి ఏమిటంటే, తీగను రంధ్రంలోంచి వెనక్కి తీసి, పైనుంచి తిప్పి తెచ్చి, దాని కిందే దాన్ని దూర్చి మెలివేయడం. లావు తీగలకు ఒక మెలిక చాలు, సన్నవాటికి రెండు మూడు కావాలి. లావువి మూడూ బుద్ధిగా కూర్చున్నాయి. అన్నిటికన్నా సన్నది మాత్రం బిగిస్తుంటే ఠప్పున జారి వచ్చి నా వేలి మీద కొట్టింది. పండగ అని కూడా చూడకుండా తిట్టాను.

"ఇలా తే" అంటూ మా ఆయన ఫోన్‌లో వీడియో పెట్టారు. తీగ కొసను అగ్గిపుల్లతో కాల్చి పూస చేస్తే ఇక జారదట. మొదటిసారి పూస బదులు నల్లటి మసి వచ్చింది, ఇల్లంతా కంపు. రెండోసారి నిజంగానే చిన్న పూస వచ్చింది. పిల్లాడు పుట్టినంత సంబరంగా అందరికీ చూపించారు. అత్తగారు ఊరుకుంటారా? మిగిలిన రెండు సన్న తీగలూ లాక్కుని, పూలమాల కట్టినట్టు చకచకా మెలికలు వేసి గట్టిగా గుంజారు.

"పూలు గట్టెటోళ్లకు మీరు ముడి నేర్పుతరా?"

శ్రుతి చేసి మీటితే ఇల్లంతా కళకళలాడింది. కాఫీ తాగి వచ్చి మళ్లీ మీటాను. అన్ని తీగల శ్రుతీ కిందికి దిగిపోయింది. ఇక చూడాలి మా రభస. మీ పూస జారిందని నేను, అమ్మ ముడి వదులైందని ఆయన, "నా ముడి జారుడా? ముందు మీ లావు తీగలు సూసుకోర్రి" అని అత్తగారు. తీర్పు కోసం మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన పడీ పడీ నవ్వారు.

"ఎవరి ముడీ జారలేదమ్మా. సాగుతోంది నైలాన్. కొత్త తీగ కుదురుకోడానికి రోజులు పడతాయి. ప్రోగ్రాం రోజు పొద్దున ఎవరైనా మారుస్తారా? పాతవే వేసేయండి."

పాతవి చెత్తబుట్టలో ముక్కలై ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఒక్కో తీగనూ వేళ్లతో లాగడం, మళ్లీ శ్రుతి చేయడం, ఇదే పని. నా కంగారంతా అత్తగారి గురించే. ఆ చప్పుడు తోడు లేకపోతే మధ్యలోనే స్టేజీ దిగిపోతారు, ఇక జన్మలో పాడరు.

సాయంత్రం సెల్లార్ నిండా జనం. అత్తగారు నా భుజానికి భుజం ఆనించి, తల వంచుకుని మొదలుపెట్టారు. మొదటి చరణం గట్టెక్కింది. రెండో చరణంలో ఆవిడ గొంతు ఒకచోట, నా గిటారు ఇంకోచోట. శ్రుతి సరిచేద్దామని బిరడా తిప్పబోయాను, ఇంకా గందరగోళమైంది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. చేతులు తీగల మీద నుంచి తీసేశాను.

అత్తగారు ఆగారు. నా వైపు చూశారు. గిటారు వైపు చూశారు. తర్వాత చీర కొంగు నడుముకు దోపుకుని, తల ఎత్తి, ఊళ్లో మడిలో ఎలా పాడేవారో అలా అందుకున్నారు. వెనక వరుసల్లో ఆడవాళ్లు చప్పట్లతో దరువు అందుకున్నారు, కొందరు వంత కలిపారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

పాట అయిపోయింది. ఈలలు, చప్పట్లు. "దిగుదామా అత్తయ్యా" అని చేయి పట్టుకున్నాను. ఆవిడ చేయి విడిపించుకుని మైకు తన వైపు లాక్కున్నారు.

"నువ్వు దిగి కూసో బిడ్డా. నేను ఇంగో రెండు పాడి వస్త."