మంచిగనే ఉన్నం

హనుమకొండ గుండె డాక్టరు ఓంకార్‌కు ఒక అలవాటుంది. టీ చల్లారినా సరే, తన పరిశోధన వ్యాసాన్ని ఎన్ని కొత్త వ్యాసాలు పేర్కొన్నాయో ఫోనులో చూసుకున్నాకే మొదటి రోగిని పిలుస్తాడు. సంఖ్య పెరిగితే కళ్లజోడు పైకి తోసుకుంటాడు. కవులూ ఇంతే, ఎన్ని ఊళ్లలో చూడలేదు! కాకపోతే కవిత్వాన్ని నమ్మి ఎవరూ మందు మింగరు. పోయినేడు అచ్చయిన ఈయన వ్యాసం నమ్మి ఎక్కడెక్కడి డాక్టర్లో ఒక గోలీ రాస్తున్నారు.

మొన్న వర్ధన్నపేట నుంచి కట్టమ్మ ఆయాసంతో వచ్చింది. ఆమె భర్త యాకయ్య, వ్యాసంలో ఆ గోలీతో బాగుపడ్డవాళ్ల లెక్కలో ఉన్నాడు.

"యాకయ్య రాలేదేమమ్మా?"

"ఆయన పోయి మూడేండ్లాయె సారూ."

ఓంకార్ చేతిలో స్టెతస్కోపు ఆగిపోయింది. "ఆ లెక్క కోసం మా దవాఖానోళ్లు ఫోన్ చేస్తే మంచిగున్నమన్నరట గదా!"

"దవాఖానోళ్లు మంచిగున్నరా అంటే మంచిగనే ఉన్నమంటం గని, ఫోన్ల ఏడుస్తమా?"

ఆమెకు మందు రాసి పంపాక, అదే లెక్కలో ఉన్న వెంకటరాజం ఇంటికి ఆయనే ఫోన్ చేశాడు.

"అందరం మంచిగనే ఉన్నం సారూ," అంది ఆడగొంతు.

"సంతోషం తల్లీ. జర వెంకటరాజంకు ఫోన్ ఇయ్యి."

అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"గిన్నిసార్లు ఫోన్ చేసిన్రు గని," అందామె మెల్లగా, "ఆయనకియ్యమని ఎవ్వలూ అడగలే సారూ."