విశాలాక్షి టీచరుగారి పేము కుర్చీ

మా బడి వరండాలో వడ్రంగి ఉప్పుకాగితంతో పాత బల్లలు రుద్దుతున్నాడు. ఆ గరగర చప్పుడుకి పాఠం మధ్యలో ఆగిపోయాను. అది వింటే విశాలాక్షి టీచరుగారి ముందు తల దించుకుని నిలబడ్డ సాయంత్రం గుర్తొస్తుంది నాకు.

నందిగామ బడిలో నా మొదటి ఉద్యోగం. ఆవిడ అదే బడిలో తెలుగు చెప్పేవారు. మా పక్క వాటాలో ఒక్కరే ఉండేవారు. ఇంట్లో కొన్న సామాను దాదాపు లేదు. ఎవరో పారేసిన బీరువా, కాలు విరిగిన స్టూలు, అద్దం పగిలిన డ్రెస్సింగ్ టేబులు, అన్నీ తెచ్చి బాగుచేసుకుని వాడేవారు. "జనం నవ్వుకుంటారేమోనండీ" అన్నాను ఒకసారి. "నవ్వనీ. మా ఇంటికొస్తే కూర్చునేది వాటిమీదేగా!" అన్నారు.

ఒక ఆదివారం ఇద్దరం జగ్గయ్యపేటలో పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. దారిలో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారు. మట్టికుప్ప మీద చేతుల కుర్చీ ఒకటి, పేము అల్లిక చిరిగి వేలాడుతూ పడివుంది. "పొయ్యిలోకేనండి అది, పట్టుకెళ్ళండి" అన్నాడు మేస్త్రీ. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కుప్ప ఎక్కేశారు. చేతిరుమాలుతో దుమ్ము తుడిచి, నా అరచెయ్యి తీసి కుర్చీ కుడిచేతి మీద పెట్టారు. టేకు అక్కడ గరిటెలా గుంటపడి నున్నగా ఉంది.

"చూసావా అమ్మాయ్? ఎడంవైపు ఇంత లేదు. ఎవరో ఏళ్ళ తరబడి ఇక్కడే చెయ్యానించుకు కూర్చున్నారు."

బస్సులో కండక్టరు ఒప్పుకోలేదు. "దానిక్కూడా టికెట్టు కొట్టండి బాబూ, పెద్దదేగా వయసులో" అన్నారావిడ. అతను నవ్వి ఎక్కించుకున్నాడు.

పేము కొత్తగా అల్లించాక ఆవిడ ఇంటి తాళంచెవి నాకిచ్చి రెండురోజులు చెవిటికల్లులో చెల్లెలి దగ్గరికి వెళ్ళారు. వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని నేను ఉప్పుకాగితం తెచ్చి రుద్దాను. కుర్చీ చేతులు రెండూ సమానమయ్యేదాకా రుద్ది, వార్నిష్ వేశాను. ఆవిడ వచ్చి కూర్చుని, అలవాటుగా కుడిచెయ్యి ఆనించారు. వేళ్ళు దేనికోసమో తడుముకున్నాయి. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

"బాగుంటుందని... నేనే చేసా టీచరుగారూ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళారు. కోపమొచ్చిందనుకున్నాను. రెండు గ్లాసుల కాఫీతో తిరిగొచ్చి, నన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

"పోన్లే. మళ్ళీ అరగదీద్దాం. రోజూ సాయంత్రం వచ్చి కూర్చో."

బాధపడలేదని కాదు. పక్కన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్నంతసేపూ ఆవిడ బొటనవేలు కుర్చీ కుడిచేతి మీద ఆ చోటే రుద్దుతూ ఉంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం రోజూ వెళ్ళాను.

క్రిందటేడు మా బడిలో కొత్తగా చేరిన టీచరు క్లాసు గోడకి ముచ్చటపడి రంగు వేయించింది. ఏటేటా పిల్లల ఎత్తులు గీసి, పక్కన పేర్లు రాసుకున్న గోడ అది. సంగతి తెలిసి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. వెళ్ళి బల్ల సొరుగులోంచి పెన్సిలు తీశాను. తర్వాత పిల్లల్ని వరసగా గోడకి నిలబెట్టి, పెన్సిలు ఆ అమ్మాయి చేతికిచ్చాను.

"గియ్యమ్మా, ఈ చిన్నవాడితో మొదలుపెట్టు" అన్నాను.