బస్తాల మీద నాన్న పేరు

నిన్న పక్కింటివాళ్ళు గేటుకి రంగు వేయిస్తుంటే ఆ వాసన ముక్కుకి తగిలి, ఇన్నేళ్ళ తర్వాత కూడా మా పద్మ మీద ఒళ్ళు మండింది.

పద్మ మా పెదనాన్న కూతురు, నా ఈడుదే. ఉగాదికి ముందు, కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, ఊరు ఊరంతా తుమ్ముతూ, పెరట్లో అమ్మ పండుమిరప పచ్చడి నూరుతూ ఉంటే, మేమిద్దరం అరుగు మీద బోర్లా పడుకుని నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు రాసేవాళ్ళం. మనుషుల పేర్లకీ ఊళ్ళ పేర్లకీ మొదట పెద్దక్షరం పెట్టాలని మాస్టారు బెత్తం ఊపి మరీ చెప్పినా, నేను చేతికొచ్చిన చోటల్లా పెట్టేదాన్ని. దాని అక్షరాలు మాత్రం గీత దాటితే ఒట్టు!

గుంటూరు యార్డుకి వెళ్ళే మిర్చి బస్తాల మీద రైతు పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయడం మా ఊరి పద్ధతి. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆ ఏడు రంగు డబ్బా, కుంచె పట్టుకుని నేనే ముందు నిలబడ్డాను.

"నువ్వాగవే, నీ రాత కోడి గెలికినట్టుంటది. పద్మా, నువ్వు రామ్మా" అన్నాడు నాన్న.

మా నాన్న పేరు రాసే భాగ్యం దానికా! అందరూ అన్నాలకి లేచాక, తడి ఆరని ఒక బస్తా మీద పేరంతా గోనెగుడ్డతో తుడిచేశాను. ఆ బస్తా యార్డులో ఎవరి రాశిలోనో కలిసిపోయింది. రెండు రోజులు వెతికి, దొరక్క, నాన్న అరుచుకుంటూ ఇంటికొచ్చాడు. నేను నంగనాచిలా అమ్మ వెనక నక్కాను.

"నేనే రాయడం మర్చిపోయా బాబాయ్" అంది పద్మ.

"పోన్లేమ్మా" అన్నాడు నాన్న, అంత కోపంలోనూ. అదే నేనైతే వీపు చిట్లేది.

ఇప్పుడు బస్తాలకి అచ్చేసిన చీటీలు కుడుతున్నారు. కళ్ళం లేదు, నాన్నా లేడు. పదో తరగతితో పద్మ చదువు ఆగిపోయింది. నేను ఇంగ్లీషు టీచర్నై పిల్లల పెద్దక్షరాలు దిద్దుతున్నాను. పోయిన నెల ఒక పెళ్ళిలో బంతిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఇక ఉండబట్టలేక, తుడిచింది నేనేనని చెప్పేశాను.

"తెలుసులేవే. నీ పరికిణీకి రంగంటితే, బాబాయ్ చూడకుండా కిరసనాయిలు పెట్టి ఉతికింది ఎవరనుకున్నావ్?" అంటూ తన విస్తట్లో బూరె తీసి నాకు వేసింది.

ఆ బూరె తింటూ కూడా, ఛీ, దాని మంచితనం చూసి కుళ్ళుకున్నాను.