ఆకుమడిలో తెలిసిన నొప్పి

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు నన్ను కాకినాడలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా వేశారు. అపీళ్ల సీటు నాది. అంతకుముందు పదిహేనేళ్లు వాయుసేనలో గుమస్తాగా చేసినవాణ్ణి కాబట్టి ఫైళ్ల భాష నాకు కొట్టిన పిండి. నా డ్రాఫ్టింగ్ మీద నాకు కాస్త గీర కూడా ఉండేది. ఆ గీర ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ పని తెలియనివారికి రెండు ముక్కలు. జవాను ఉద్యోగం ముగించి ఇంటికొచ్చే ముందు వైద్యుల బోర్డు పరీక్షిస్తుంది. ఏదైనా వైకల్యం ఉంటే అది ఎంత శాతమో, సైనిక సేవ వల్ల వచ్చిందో లేదో తేలుస్తుంది. శాతం చాలినా, కారణం గడిలో ‘సేవకు సంబంధం లేదు’ అని పడితే వైకల్య పింఛను రాదు. ఆర్నెల్లలోగా మొదటి అపీలు వేసుకోవాలి. అది పోతే రెండోది, అదీ పోతే ట్రిబ్యునల్. తూటా గాయానికి ఎవరూ పేచీ పెట్టరు. తంటా అంతా కీళ్ల అరుగుదలతోనే. అది ఫలానా రోజున మొదలైందని చూపించడానికి లేదు, వయసు మీద పడితే ఎవరికైనా వచ్చేదేగా అంటారు.

హవల్దార్ సూర్యనారాయణ గారిది రామచంద్రపురం దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, అందులో మూడు విడతలు మంచుకొండల మీద. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. శాతం చాలింది గానీ కారణం గడిలో ఆ మాటే పడింది. పింఛను కన్నా ఆ మాటే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. క్యాంటీన్ మందు ఎక్కువై కాళ్లు పోయాయని ఊళ్లో కొందరు నవ్వుకుంటున్నారట. ఆయన చుక్క ముట్టరు. కాళ్లు సర్వీసులోనే పోయాయని ఒక్క కాగితం వస్తే చాలన్నారు. భార్య వెంకటలక్ష్మి గారు తోడు వచ్చారు. నా గదిలో రెండో కుర్చీ మీద ఫైళ్లున్నాయి, అందుకని ఆవిడని వరండాలో బల్ల మీద కూర్చోమన్నాను.

నొప్పి మొదట ఎప్పుడు తెలిసిందని అడిగాను. ఆ సీటులో ఎవరైనా అడిగే ప్రశ్నే. ఆయన ఆలోచించి చెప్పారు. సర్వీసు ఇరవయ్యో ఏట సెలవుకొచ్చి, ఊడ్పుల ముందు ఆకుమడిలో వరినారు తీయడానికి గొంతుక్కూర్చున్నారట. మళ్లీ లేవలేకపోతే ఇద్దరు కూలీలు చంకల్లో చేతులేసి గట్టు మీదకు చేర్చారట.

నేను పొంగిపోయాను. కొండల మీద కాపలా కాసిన మనిషి సొంత మడిలో లేవలేకపోయాడంటే చదివేవాడి మనసు కరగదూ! దాన్ని ఒక పేరా చేసి, ‘నా బాధ నాకు తొలిసారి అక్కడే తెలిసింది’ అని ఆయన మాటగా ముగించాను. నిజానికి అపీలుకు కావలసింది అది కాదు. సైన్యంలో చేరిననాటి వైద్య పరీక్షలో ఆయన మోకాళ్లకు ఏ వంకా లేదు. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసులో వచ్చినట్టే అని రాసి, దాని పక్కన కొండల సర్వీసు రికార్డు పెట్టి ఊరుకోవాలి. వాటినీ పెట్టాను గానీ, ఎక్కడో చివర అనుబంధాల్లో. ఆయన సంతకం చేసి నాకు దణ్ణం పెట్టి వెళ్లారు.

ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. దరఖాస్తుదారు స్వయంగా చెప్పిన ప్రకారమే జబ్బు సెలవులో, ఇంటి దగ్గర, వ్యవసాయపు పనిలో బయటపడింది కనుక సేవకు సంబంధం లేదని. అందులో వాళ్ల తప్పేమీ లేదు. నేను రాసిచ్చిందే వాళ్లు చదివారు.

మళ్లీ ఇద్దరూ వచ్చారు. ఆ రోజు సిగ్గేసి కుర్చీ మీది ఫైళ్లు తీసి ఆవిడని లోపలే కూర్చోబెట్టాను. జవాబు చదివి వినిపించాను. ఆయన కాళ్లు బారజాపుకుని మోకాళ్ల మీద చేతులు వేసుకున్నారు.

“నా నోటితో నేనే పాడుచేసుకున్నానండి,” అన్నారు.

“అప్పుడు మొదలవ్వడం ఏంటండి?” అన్నారు వెంకటలక్ష్మి గారు. “ఆ కొండల నుంచి వచ్చిన ప్రతి సెలవుకీ మోకాళ్లు బూరెల్లా పొంగి ఉండేవి. మొదటి వారమంతా ఉప్పు మూటతో కాపడం పెట్టేదాన్ని.”

ఈ సాక్ష్యం ఎనిమిది నెలల కిందట నా వరండాలోనే కూర్చుని ఉంది. మరి ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను.

“అక్కడ అందరికీ అంతేనండి. దాన్ని నొప్పి అని ఎవరూ అనరు. మడిలో లేవలేకపోయాకే నాకది నొప్పని తెలిసింది. మీరు ఎప్పుడు తెలిసిందని అడిగారు, చెప్పాను.”

ఆవిడ అఫిడవిట్టు, తోటి జవాన్లిద్దరి ఉత్తరాలు జతచేసి రెండో అపీలు వేశాం. మొదట చెప్పినదానికి పొసగని మాటలు, తర్వాత ఆలోచించి చేర్చినవి అని అదీ కొట్టేశారు. ట్రిబ్యునల్‌కు వెళ్దామని, వకీలును కూడా నేనే చూస్తానని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. తన మాటే తనకు అడ్డొచ్చిందని, మూడోచోట నిలబడి మళ్లీ తన కాళ్ల గురించి దేబిరించలేనని అన్నారు.

ఆ మాట మీది కాదు, ఆ పేరా నా సొంత సోకు అని అప్పుడే చెప్పాలి. అపీళ్ల సీటులో కూర్చున్నవాడు తప్పు ఒప్పుకుంటే పరువేం కావాలనుకున్నాను. కిమ్మనలేదు.

రిటైరయ్యాక ఉండబట్టలేక వాళ్ల ఊరు వెళ్లి చెప్పాను. ఆలస్యానికి కారణం చూపించి ట్రిబ్యునల్‌లో ఇప్పటికైనా వేయొచ్చని కూడా అన్నాను. ఇప్పుడెందుకులెండి అని ఆయన తల తిప్పుకున్నారు. గేటు దాకా సాగనంపడానికి వచ్చింది వెంకటలక్ష్మి గారే.

“ఆ రోజే ఈ ముక్క అనుంటే వెళ్లేవారండి,” అన్నారావిడ. “తన నోరే తప్పనుకుని, ఇన్నాళ్లూ ఇంట్లో కూడా సరిగ్గా మాట్లాడ్డం మానేశారు.”

రిటైరయ్యే రోజునే, నా తర్వాత ఆ సీటుకు వచ్చినాయనకు రెండు సంగతులు అప్పగించాను. నొప్పి ఎప్పుడు తెలిసిందని అడగొద్దని, ఏ పని ఎప్పటి నుంచి కష్టమైందో అడగమని చెప్పాను. రెండో కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచమన్నాను. మూడోది మాత్రం ఆయనకు చెప్పడానికి అప్పటికింకా నాకే తెలియదు. తప్పు మనదైనప్పుడు, ఆ సంగతి చెప్పడానికీ గడువుంటుంది.